నూరేళ్ళ దిమ్మ

ల్యాబులో కాంక్రీటు క్యూబు పగలగొట్టినప్పుడు లోపల నీలం రంగు చూశారా ఎప్పుడైనా? సగం సిమెంటు తీసేసి, ఆ చోట కొలిమి చిట్టెం పొడి కలిపిన క్యూబైతే కనిపిస్తుంది. నీలమంటే పూర్తిగా నీలం కాదు, ఆకుపచ్చంటే ఆకుపచ్చా కాదు. పాచిపట్టిన కోనేటినీళ్ళకి సందెవేళ వచ్చే రంగు. మొదటిసారి చూసినవాడు మిక్సు చెడిపోయిందనుకుని గాభరా పడతాడు. ఏమీ చెడలేదు. చిట్టెంలో ఉన్న గంధకం చేసే పని అది. నాలుగు రోజులు గాలికి వదిలేస్తే ఆ రంగు వెలిసిపోయి, మామూలు కాంక్రీటు కంటే తెల్లగా తేలుతుంది.

ఆ నాలుగు రోజులూ ఆగి చూసేవాళ్ళు తక్కువ. నా గొడవంతా దాని గురించే.

భీమిలిలో, తగరపువలసలో, సంగివలసలో, మధురవాడలో గదులు అద్దెకు తీసుకుని సివిలింజనీరింగు చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ నాలుగు మాటలూ మీ కోసం. కంప్యూటర్ సీటు రాక ఇటొచ్చామని చిన్నబుచ్చుకునే వాళ్ళకి మరీ ముఖ్యంగా. మీకు దొరికిన చోటు ఎలాంటిదో మీకు తెలియడం లేదు. ఒక పక్క ఉప్పుగాలి, ఆ గాలికి ఇనుప ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడిపోయే ఊరు. ఇంకోపక్క గాజువాక దాటితే, దేశంలో సముద్రపొడ్డున కట్టిన మొట్టమొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం. రోగమూ ఇక్కడే ఉంది, మందూ ఇక్కడే ఉంది. మధ్యలో ఉన్నవాళ్ళు మీరు.

చిట్టెం అనే మాట మీలో చాలామంది విని ఉండరు. పుస్తకంలో స్లాగ్ అని ఉంటుంది, ప్లాంటులో పనిచేసే మీ మేనమామ కూడా స్లాగ్ అనే అంటాడు. మన పాతమాట చిట్టెం. కమ్మరి కొలిమిలో ఇనుము నుంచి విడిపడే మడ్డి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో, పర్షియా వర్తకులు వచ్చి ఉక్కు కొనుక్కుపోయిన ఊళ్ళో, ఆనాటి చిట్టెం ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మన తాతలు ఉక్కు చేసిన ప్రతిచోటా ఇదీ పుట్టింది. ఒకటి లేకుండా రెండోది రాదు.

విశాఖ ఉక్కులో మూడు పెద్ద కొలుములున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పైనుంచి ఇనుపరాయి, కోక్, సున్నపురాయి, డోలమైటు పోస్తారు. కిందనుంచి వేడిగాలి ఊదుతారు. రాయిలో ఉన్న ఇసుకా, మట్టీ ఆ సున్నంతో కలిసి కరిగి, బరువైన ఇనుము మీద మీగడలా తేలతాయి. మన దేశపు ఖనిజంతో టన్ను ఇనుము తీస్తే 300 నుంచి 400 కిలోల దాకా ఈ మీగడ వస్తుంది. 73 లక్షల టన్నుల ఉక్కు సామర్థ్యం ఉన్న కర్మాగారం నిండుగా నడిస్తే ఏడాదికి ఎంత చిట్టెం దిగుతుందో మీరే లెక్క కట్టండి. నా కాగితం మీద ఇరవై లక్షల టన్నులు దాటింది.

ఇప్పుడు అసలు మర్మం. ఆ ద్రవాన్ని గొయ్యిలో పోసి నెమ్మదిగా చల్లారనిస్తే రాయవుతుంది. కొట్టి కంకర చేసుకోవచ్చు, అంతకుమించి దాంట్లో జీవం లేదు. అదే ద్రవాన్ని ఎదురుగా నీటిధార కొట్టి ఒక్క క్షణంలో చల్లారిస్తే, అణువులు వరసలో కూర్చునే తీరిక దొరక్క, గాజులాంటి ఇసుక అవుతుంది. ఆ ఇసుకని మెత్తగా నూరితే సిమెంటుకి తమ్ముడు. పదార్థం ఒకటే, చల్లార్చిన తీరు వేరు. ఈ సంగతి 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ కనిపెట్టాడు. అప్పటికి మన భీమిలి పురపాలక సంఘానికి ఏడాది వయసు. మాట వరసకు చెప్పాను గానీ, ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ తమ్ముడు ఒట్టి నీళ్ళకి లేవడు. పక్కన సిమెంటుండాలి. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడేటప్పుడు సున్నం విడిచిపెడుతుంది. ఆ సున్నం కాంక్రీటుకి బలమివ్వదు, పైగా సందుల్లో కూర్చుని ఉప్పునీటికి దారి ఇస్తుంది. చిట్టెం పొడి ఆ సున్నాన్ని పట్టుకుని, దాంతోనే కొత్త జిగురు తయారుచేసుకుంటుంది. సిమెంటు పారేసిన దాంతో చిట్టెం బతుకుతుంది, ఉక్కు పారేసిన దాంతో సిమెంటు గట్టిపడుతుంది. సందులు సన్నబడతాయి. సముద్రపు ఉప్పులోని క్లోరైడు ఊచ దాకా చేరడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేస్తేనే సిమెంటు. కాలినప్పుడు ఆ రాయిలోని బొగ్గుపులుసు వాయువు పైకి పోతుంది, కాల్చిన బొగ్గుదీ కలుస్తుంది. టన్ను క్లింకర్‌కి ముప్పాతిక టన్ను పైచిలుకు. లోకం మొత్తం వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 7, 8 శాతం సిమెంటుదే. చిట్టెం ఆల్రెడీ ఒకసారి కాలి వచ్చింది. దాన్ని నూరడమే ఖర్చు.

సరే, ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరని అడుగుతారు. వాడుతున్నారు. స్లాగ్ సిమెంటుకి మన దేశంలో ఐ.ఎస్. 455 అనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. 25 నుంచి 70 శాతం దాకా చిట్టెం కలపనిస్తుంది. విడిగా పొడి కలుపుకోవడానికి 2018లో ఐ.ఎస్. 16714 వచ్చింది. పెద్ద పెద్ద రేవులూ, వంతెనలూ కట్టేవాళ్ళకి ఇదంతా కొట్టినపిండి. తెలియంది మన వీధిలో. ఒకసారి మా వీధిలో స్లాబు వేస్తుంటే పెద్దమేస్త్రీ నన్నడిగాడు: "ఏటి బాబూ, ఈ సిమెంటు నిద్దరోతందేటి? నిన్న ఏసిన మాలు ఇంకా పచ్చిగానే ఉంది." నిద్రపోతున్న మాట నిజమే. చిట్టెం కలిసిన కాంక్రీటు మొదటి వారం బద్ధకంగా ఉంటుంది. ఇరవై ఎనిమిదో రోజుకి అన్నగారిని అందుకుంటుంది, మూడు నెలలకి దాటిపోతుంది. అందాకా నీళ్ళు పెట్టే ఓపిక ఉండాలి. మామూలు సిమెంటుకి 7 రోజులు తడిపితే చాలంటుంది ఐ.ఎస్. 456, ఇలాంటి కలగలుపు సిమెంటుకి కనీసం 10 రోజులంటుంది, ఎండలు మండే చోట 14 అంటుంది. మేస్త్రీ మూడోరోజుకే పైపు చుట్టేస్తాడు. తప్పు చిట్టెం మీద పడుతుంది.

అందుకే మీకు మొదటి పని చెబుతున్నాను, దీనికి ల్యాబు అక్కర్లేదు. మీ ఊళ్ళో ఇల్లు కడుతుంటే వెళ్ళి ఆ మేస్త్రీ పక్కన నిలబడండి. బస్తా మీద అక్షరాలు చదివి చెప్పండి. "మావయ్యా, ఇది స్లాగు సిమెంటు, సెంట్రింగు రెండు రోజులు ఆలస్యంగా విప్పు, గోనెపట్టాలు కప్పి పద్నాలుగు రోజులు తడుపు" అనండి. ఆయన మీకంటే ఎక్కువ కాంక్రీటు చూసినవాడు, గౌరవంగానే చెప్పండి. అడిగితే ఆయన దగ్గర మీకు తెలియనిది బోలెడు దొరుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఉక్కు కర్మాగారంలో చిట్టెం ఒకటి కాదు, రెండు. ఇప్పటిదాకా చెప్పింది ఇనుపకొలిమిది. ఇనుముని ఉక్కుగా మార్చేచోట ఇంకోటి పుడుతుంది. ఎల్.డి. స్లాగ్ అంటారు. నల్లగా, రాయికంటే బరువుగా, చూడ్డానికి బలే కంకరలా ఉంటుంది. దాన్ని చూసి మోసపోయిన వాళ్ళున్నారు. దాని లోపల కలవకుండా మిగిలిపోయిన సున్నం ఉంటుంది, మెగ్నీషియా ఉంటుంది. వాటికి నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి. మామూలుగా కాదు, సున్నపు రేణువు నీళ్ళు పీల్చుకుంటే దాదాపు రెట్టింపు చోటు అడుగుతుంది. కాంక్రీటు లోపల ఆ చోటెక్కడిది? గచ్చు మీద పొక్కులు లేస్తాయి, పగుళ్ళొస్తాయి. అందుకే 2016లో ఐ.ఎస్. 383ని తిరగరాసినప్పుడు ఒక గీత గీశారు. ఇనుపచిట్టెం కంకరని ఊచలున్న కాంక్రీటులో పావు వంతు దాకా, ఊచలు లేని దాంట్లో సగం దాకా వాడొచ్చు. ఉక్కుచిట్టెం కంకరని ఊచలున్న కాంక్రీటులో అసలు వాడకూడదు, ఊచలు లేని దాంట్లో పావు వంతు మించకూడదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ రెండింటినీ ఒకటే స్లాగ్ అని రాసేస్తున్నారు. అది అక్షరదోషం కాదు, రేపు ఎవరి నెత్తినో ఊడిపడే పెచ్చు.

ఈ ఉక్కుచిట్టేనికి మందేమిటో తెలుసా? కాలం. ఆరుబయట గుట్టపోసి నెలల తరబడి వానకీ ఎండకీ వదిలేస్తే, ఉబ్బవలసిందంతా అక్కడే ఉబ్బుతుంది. తొందరున్నవాళ్ళు ఆవిరి పట్టిస్తారు. మన ఆయుర్వేదంలో మండూరమని ఒక మందుంది, పాండురోగానికి వాడతారు. అది చేసేది పాత ఇనుపచిట్టెంతోనే. చిట్టెం ఎంత పాతదైతే అంత మంచిదనీ, నూరేళ్ళు దాటింది ఉత్తమమనీ, ఎనభై ఏళ్ళది మధ్యమమనీ, అరవై ఏళ్ళది అధమమనీ పాత వైద్యులు వర్గాలు కట్టారు. వాళ్ళకి ఈ మిగిలిపోయిన సున్నం (ఫ్రీ లైమ్) సంగతి తెలుసని నేను గొప్పలు పోవడం లేదు. కొత్త చిట్టెం నమ్మదగింది కాదని మాత్రం వాళ్ళు కనిపెట్టారు. ఆ పాటి ఇంగితం మనకుంటే చాలు.

ఓపిక పట్టినవాళ్ళకి ఉక్కుచిట్టెం కూడా పలికింది. సూరత్ దగ్గర హజీరాలో 2022లో కిలోమీటరు పొడవున ఆరు వరసల రోడ్డు వేశారు. కొండరాయి ముట్టుకోకుండా, శుద్ధి చేసిన ఉక్కుచిట్టెం లక్ష టన్నులు వాడి. ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ దానికి వెన్నుగా నిలిచింది. రోజూ వందల బరువు లారీలు తిరిగే రేవు రోడ్డు అది. మనకీ రేవుంది, గంగవరముంది, లారీలకి కొదవ లేదు, చిట్టేనికి అంతకన్నా లేదు. కొండల సంగతి చెప్పనక్కర్లేదు. ఆనందపురం వైపు బస్సెక్కి కిటికీలోంచి చూడండి, ఎన్ని కొండలకి పక్కటెముకలు బయటపడ్డాయో. ఇసుక సంగతి అంతకన్నా దగ్గరిది. భీమిలి దారిలో మన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. భూగర్భ వారసత్వమని గుర్తింపు పొందాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. వాటి అంచులు తవ్వుకుపోయే పలుగులు ఆగాలంటే తవ్వనక్కర్లేని మట్టి, ఇసుక చూపించాలి కదా. నీటిధారలో పుట్టిన ఇనుపచిట్టెం ఇసుకకి ఆ పని చేతనవును.

ఇక నారల కథ. కాంక్రీటుని నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. నొక్కుడు బలంలో దాదాపు పదోవంతే లాగుడు బలం. మన పూర్వులు మట్టిగోడలో వరిగడ్డి తొక్కించింది అందుకే. గడ్డి గోడని పగలకుండా ఆపలేదు, పగులు పారిపోకుండా ఇటూ అటూ పట్టుకుంటుంది. 1963లో అమెరికాలో రొమువాల్డీ, బాట్సన్ అనే ఇద్దరు దగ్గరదగ్గరగా పెట్టిన ఉక్కుతీగలతో ఇదే సంగతిని గణితంలో పెట్టారు. అక్కణ్ణించి ఉక్కునార కాంక్రీటు శాస్త్రమైంది. ఘనమీటరులో నూటికి ఒక పాలు ఉక్కునార కలపాలంటే 78 కిలోల పైన పడుతుంది, చవక కాదు. కొసలు వంచిన నార కొంటే పట్టు బాగుంటుంది. ఒక్కసారిగా గుమ్మరిస్తే మిక్సరులో ముళ్ళపందిలా ఉండ కడుతుంది, చల్లుతూ వెయ్యాలి. ఇది చేతిని గాట్లు పడేసుకుంటే తప్ప రాని విద్య.

చవక దారి మన చుట్టూ ఉంది. ఆటోనగర్‌లో లేత్ షాపుల ముందు ఉక్కుతురుము చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. నూనె కడిగి, పొడవు సరిచేసి వాడి చూసినవాళ్ళున్నారు. నునుపు గచ్చులకి పనికొస్తుందో లేదో గాని, కాలవగట్టు పలకలకీ, మ్యాన్‌హోల్ మూతలకీ చూడదగ్గది. మన ఒడ్డునే చూడండి, చిరిగిన నైలాను వలలు కుప్పలుగా. జాలర్లకి అవి పనికిరావు, సముద్రంలో పడితే తాబేళ్ళ మెడకి ఉరి. ఇటలీలో సాలెర్నో విశ్వవిద్యాలయం వాళ్ళు పాతవలలని సన్నగా కత్తిరించి మాలులో కలిపి, 2015లో ఫలితాలు అచ్చు వేశారు. మాలు వంపుకి ఓర్చుకుంది. ఇటలీ జాలర్ల వలలు పనికొచ్చినప్పుడు భీమిలి జాలర్ల వలలకేం లోటు?

నాకు అన్నిటికంటే దగ్గరగా తోచేది మాత్రం గోగునార. చిట్టివలస జనపనార మిల్లు గుర్తుందా, గోస్తనీ పక్కన? 2009లో మూతబడింది. అందులో పనిచేసినవాళ్ళ మనవలు మీలో కొందరుండి తీరాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగునార పండించే రైతులు ఏటా తగ్గిపోతున్నారు, కొనేవాడు లేక. ఆ నార కాంక్రీటులో నిలవదంటారు, నిజమే. సిమెంటు విడిచే సున్నపుక్షారం నారని కొరికేస్తుంది, కొన్నేళ్ళకి అది ఉత్త పొట్టవుతుంది. కాని ఆ సున్నాన్ని ఎవరు తినేస్తారని ఇందాక చెప్పుకున్నాం? చిట్టెం పొడి. సిమెంటు తగ్గి చిట్టెం పెరిగిన కొద్దీ నారకి శత్రువు తగ్గుతుంది. గాజువాక కొలిమిలో పుట్టిన పొడి చిట్టివలస నారకి ఆయుష్షు పోస్తుందన్నమాట. ఎంత ఆయుష్షు? ఐదేళ్ళా, పాతికేళ్ళా? మన గాలిలో, మన ఉప్పులో, మన నారతో ఎవరో ఒకరు పట్టి చూస్తే గాని చెప్పలేం. దూలాలకి, స్లాబులకి వద్దు. నడవాపలకలు, తోటబల్లలు, గోడ జాలీలు, ఇవి చాలు మొదలుపెట్టడానికి.

ఇలా ఉన్నవి చెబుతుంటే మీలో ఒకరిద్దరు నవ్వుకుంటున్నారని తెలుసు. "ఇవన్నీ మా సీనియర్లు చేసేశారు సార్" అంటారు. చేశారు. ఆ రికార్డులు నేను చదివాను, ఒకటి నేనే రాశాను, నా కాలేజీ పేరు చెప్పను. 30 శాతం, 40 శాతం, 50 శాతం పొడి, అర శాతం, ఒక శాతం నార. 7 రోజుల బలం, 28 రోజుల బలం, రంగుల గ్రాఫు, నల్ల అట్ట, బంగారు అక్షరాలు. వైవా అయిన మర్నాడు మా క్యూబు ముక్కలు ల్యాబు వెనక తుమ్మచెట్టు కింద పోశారు. ఇరవై ఎనిమిదో రోజున బాధ్యత తీరిపోయింది. చిట్టేనికి అసలు కథ ఇరవై ఎనిమిదో రోజు తరవాత మొదలవుతుందని చెప్పాను కదా. సముద్రం తన పని ఇరవై ఎనిమిది రోజుల్లో చెయ్యదు. ఇరవై ఎనిమిదేళ్ళు తీసుకుంటుంది. మనం పరీక్ష పెట్టేది పందెం మొదలవకముందే.

మా నాన్న కట్టించిన డాబా చూసి ఈ మాటంటున్నాను. కట్టిన రోజున గునపం దిగనంత గట్టి. పద్దెనిమిదేళ్ళకి వంటింటి కప్పులో సన్నగీత కనిపించింది. మరో రెండు వర్షాకాలాలకి గీత వెడల్పయి గోధుమరంగు చారలు దిగాయి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 రాత్రి పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. లోపల ఊచ పొరలు పొరలుగా, కాల్చిన అప్పడంలా. తుపాను నెపం, చేసింది ఉప్పు. ఏళ్ళ తరబడి రోజూ కొంచెం కొంచెం.

ఇప్పుడు 1862 దగ్గరికి వద్దాం. జర్మనీలో చిట్టెం సంగతి బయటపడ్డ ఆ ఏడాదే జపానులో ఒక కుర్రాడు పుట్టాడు. పేరు హిరోయి ఇసామి. పెద్దయి ఉత్తరాన హొక్కైడో దీవిలో ఒతారు రేవుకి ఇంజనీరయ్యాడు. 1897 నుంచి 1908 దాకా అక్కడ అలలకడ్డుగా కాంక్రీటు గోడ కట్టాడు. మంచుగాలులు, పిచ్చి కెరటాలు, ఖరీదైన సిమెంటు. కొంత సిమెంటు తీసేసి అగ్నిపర్వతపు బూడిద కలిపాడు. అప్పటికి అది సాహసం. తన లెక్క తప్పితే గోడ కూలేది తన తరవాతే అని తెలుసు ఆయనకి. అందుకని మాలు ముద్దలు చిన్నచిన్నవి పోసి, కొన్ని ఉప్పునీళ్ళలో, కొన్ని మంచినీళ్ళలో, కొన్ని గాలిలో పెట్టాడు. ఎన్ననుకున్నారు? అరవై వేలు. ఏటేటా కొన్ని తీసి విరిచి చూడాలి, రాసి పెట్టాలి. ఆయన 1928లో పోయాడు. పరీక్ష ఆగలేదు. ఆయన తరవాతివాళ్ళు, వాళ్ళ తరవాతివాళ్ళు, నూరేళ్ళు దాటేదాకా విరుస్తూ రాస్తూ వచ్చారు. గోడ ఇవాళ్టికీ అలల్ని ఆపుతూనే ఉంది. అమెరికావాళ్ళకి మెయిన్ రాష్ట్రంలో ట్రీట్ అనే లంక ఉంది. 1936 నుంచి అక్కడ ఆటుపోట్ల మధ్య కాంక్రీటు దిమ్మలు వరస పెట్టి చూస్తున్నారు.

భీమిలికి అలాంటిది ఎందుకుండకూడదు? డచ్చివాళ్ళు వచ్చి రేవు చేసుకున్న ఊరు ఇది. వాళ్ళ సున్నపు సమాధులు ఇంకా నిలబడి ఉన్నాయి. మన దిమ్మలు నాలుగు నిలబెట్టలేమా?

లెక్క వేసి చూపిస్తాను, భయపడకండి. నాలుగు రకాల మిక్సు పొయ్యండి. ఒకటి ఉత్త సిమెంటుది. రెండోది సగం చిట్టెం పొడి. మూడోది ఆ సగం చిట్టేనికి ఉక్కునార కలిపింది. నాలుగోది అదే చిట్టేనికి మీ ఇష్టం, గోగునారో పాతవలో. మూడు చోట్ల పెట్టండి: ఎప్పుడూ నీళ్ళలో ఉండేచోట, ఆటుపోట్లు తడిపి ఆరబెట్టేచోట, ఒడ్డున ఉప్పుగాలిలో. ఒకటి, ఐదు, పది, పాతిక, యాభై, వంద ఏళ్ళకి పరీక్ష. పరీక్షకి మూడేసి. నాలుగు మూళ్ళు పన్నెండు, పన్నెండార్లు డెబ్బైరెండు, డెబ్బైరెండు మూళ్ళు 216 క్యూబులు. మీ ల్యాబులో ఉన్న 150 మిల్లీమీటర్ల అచ్చుతో పోస్తే అన్నీ కలిపి ఒక్క ఘనమీటరు కాంక్రీటు కూడా పట్టదు. పెళ్ళిపందిరికి పోసే గచ్చు అంత కూడా కాదు! ఊచ పెట్టిన దిమ్మలు ఇంకో డజను చేర్చుకుంటే తుప్పు సంగతీ తేలుతుంది. ఆటుపోట్ల జాగాలో ఊచలున్న కాంక్రీటుకి ఐ.ఎస్. 456 కనీసం ఎం 40 పొయ్యమంటుంది, అదే పొయ్యండి, తక్కువ పోసి సముద్రం మీద నెపం వెయ్యద్దు.

అనుమతులు కావాలి. తీరం నియమాలున్నాయి, నగరపాలక సంస్థ ఉంది. దరఖాస్తు మీరే రాసి మీరే తిరగండి, ఆ తిరుగుడు కూడా ఇంజనీరింగే. సంగివలసలో అనిట్స్, రుషికొండలో గీతం, మధురవాడలో గాయత్రి, నగరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇన్ని కాలేజీలున్న తీరం ఇది. ఒక కాలేజీ పోస్తే ఇంకోటి విరవనివ్వండి. ఎవరి క్యూబుని వాళ్ళే విరిచి వాళ్ళే మార్కులేసుకుంటే లోకం నమ్మదు. పుస్తకం మాత్రం ఒక్కటే ఉండాలి, చేత్తో రాసింది, బ్యాచి నుంచి బ్యాచికి సంతకంతో మారేది. అందులో వచ్చిన చెడ్డ అంకె కూడా కొట్టెయ్యకూడదు. గోగునార ఐదో ఏటికే పుచ్చిపోయిందా, పుచ్చిపోయిందనే రాయండి. అరవై వేల ముద్దల్లో హిరోయికి అన్నీ నెగ్గినవే దొరికాయనుకుంటున్నారా?

1966లో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. తరవాత 64 ఊళ్ళవాళ్ళు భూములిచ్చారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. 2021 నుంచి అది ఎవరి చేతిలో ఉండాలన్న పేచీ నడుస్తోంది, 2025 జనవరిలో 11,440 కోట్ల సాయం ప్రకటించారు, పేచీ పూర్తిగా తెగలేదు. మీరు జెండా పట్టుకుని కూర్మన్నపాలెం గేటు దగ్గర నిలబడతారా, నిలబడండి, నేనూ వస్తాను. కాని ఆంధ్రుల హక్కు అని అరిచేటప్పుడు ఉక్కు ఒక్కటే గుర్తొస్తోంది మనకి. టన్నుకి మూడువందల కిలోల చిట్టెం కూడా ఆ ప్రాణాలకీ, ఆ పొలాలకీ పుట్టిందే. దాన్ని ముడిసరుకుగా ఎవరికో అమ్మి, బస్తాలో సిమెంటుగా తిరిగి కొనుక్కుంటున్నాం. మధ్యలో ఉన్న తెలివి మనది ఎందుకు కాకూడదు? భోగాపురం దాకా తీరమంతా కాంక్రీటు పడబోతోంది. ఆ కాంక్రీటు ఎలా ఉండాలో ఈ ఒడ్డున పదేళ్ళు చూసి చెప్పగలిగిన మనిషి కావాలి రేపు. ఇప్పుడు మొదలుపెట్టినవాడికే అప్పటికి పదేళ్ళ అంకెలుంటాయి.

నూరో ఏటి దిమ్మలు విరిచేది మీరు కాదు, మీ పిల్లలూ కాకపోవచ్చు. ఎవరో అమ్మాయి, 2120లలో, పేరు తెలియని ఏదో యంత్రం మీద పెడుతుంది. లోపల నీలం ఉంటుందా, వెలిసిపోయి ఉంటుందా, ఆమే చూస్తుంది. దిమ్మ మీద అంకె చెరిగిపోకుండా రంగుతో కాదు, పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో లోతుగా గీయండి. రేపు పొద్దున్న ఆటు ఎన్నింటికో జాలరిపేటలో అడగండి, వాళ్ళకి తప్పకుండా తెలుస్తుంది. పార ఒకటి తీసుకెళ్ళండి.